భయానక రసాస్వాదము: ఒక అంతరిక్ష చిత్రము

భయము లోకమున దుఃఖహేతువు. అయినను భయపెట్టు చలనచిత్రమును జనులు మూల్యమిచ్చి చూచి ఆనందించుచున్నారు. ఈ ఆనందమునకు కారణమేమి యను ప్రశ్నకు అభినవగుప్తుని రసవిచారము ఎంతవరకు సమాధానము నీయగలదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. లక్ష్యముగా గ్రహింపబడినది రిడ్లీ స్కాట్ దర్శకత్వమున 1979లో వెలువడిన 'ఏలియన్' అను ఆంగ్ల చిత్రము.

కథ స్వల్పము. 'నోస్ట్రోమో' యను సరకు నౌక ఏడుగురు సిబ్బందితో భూమికి మరలుచుండును. దారిలో ఒక గోళమున దిగినప్పుడు వింత ప్రాణి యొకటి నౌకలో ప్రవేశించి వారిని వేటాడును. తుదకు రిప్లీ యను స్త్రీ యొక్కతెయే మిగులును.

నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున భరతుడు భయానకమునకు చెప్పిన విభావములలో వికృతధ్వని, భూతదర్శనము, శూన్యగృహము, అరణ్యగమనము కలవు. ఈ నౌక శూన్యగృహమునకు నేటి రూపము. చీకటి నడవలు, నీటిబొట్ల చప్పుడు, గొలుసుల కదలిక ఇందు విభావములు. ప్రాణి పూర్ణరూపము కనబడునది కొద్దిసేపే. బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతుడు చెప్పిన క్రమమును ఇందు కాననగును. భోజన సమయమున ఒకని రొమ్ము చీల్చుకొని ప్రాణి వెలువడు ఘట్టమున ముందు కలుగునది జుగుప్స, పిదప భయము.

అభినవగుప్తుడు తన వ్యాఖ్యలో ఏడు రసవిఘ్నములను పేర్కొనెను. మొదటిది సంభావనావిరహము, అనగా ఇట్టిది జరుగునని మనస్సు అంగీకరింపకుండుట. దీనికి విరుగుడు లోకసామాన్యమైన వస్తువు. నోస్ట్రోమో సిబ్బంది మహావీరులు కారు. పార్కర్, బ్రెట్ అను యంత్రపు పనివారు తమ వాటా సొమ్ము తక్కువని సణుగుచుందురు. ఆ సణుగుడు వినిన ప్రేక్షకునకు నౌక నమ్మదగినదగును. రెండవది స్వపరభేదముతో కూడిన దేశకాల విశేషావేశము: ఈ భయము నాది, లేదా ఫలానివానిది యను పట్టు. ఎవరికిని స్వస్థలము కాని అంతరిక్షము ఈ పట్టును సడలించును. శాకుంతలమున దుష్యంతునకు వెఱచి పరుగిడు లేడిని అభినవగుప్తుడు ఉదాహరించినది ఇట్టి సాధారణీకరణమును తెలుపుటకే.

మూడవది నిజసుఖాది వివశీభావము. ఇది చిత్రమున గాక ప్రేక్షకునియందుండును. దీనిని గ్రహించుటకు ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ తగిన తావు. దేశవిభజనానంతరము శరణార్థులతో ఏర్పడిన ఈ పేట నేడు సివిల్ సర్వీసెస్ పరీక్షార్థులకు నెలవు. తెలుగు నాటినుండి వచ్చినవారును అందు గలరు. 2024 జూలై 27న అచటి యొక కోచింగ్ సంస్థ సెల్లారులోనికి వాననీరు చొచ్చి ముగ్గురు అభ్యర్థులు మరణించిరి. మూసిన గది, వెలుపలికి దొరకని దారి అను నవి ఆ సహాధ్యాయులకు విభావములు కావు, జ్ఞాపకములు. అట్టివాడు నౌకలో తలుపులు మూతపడు దృశ్యమును చూచినపుడు అతనికి రసము కలుగకపోవచ్చును. అది చిత్రదోషము కాదు; అతని అరసికత్వమును కాదు. అతని దుఃఖము ఇంకను లౌకికమై నిలిచియున్నది.

కావున భయానకము ఆస్వాద్యమగుటకు కథ దూరదేశమున జరుగుట మాత్రము చాలదు. చూచువాని స్వీయదుఃఖమునకు అది తగులకుండవలెను. ఆధునిక చిత్రములకు రససిద్ధాంతమును అన్వయించువారు విభావములను లెక్కించుటతో తృప్తిపడక, సహృదయుడు ఏ యూర, ఏ యేట, ఏ అనుభవముతో చూచుచున్నాడో కూడ విచారింపవలసియున్నది.