పసుపు క్యాప్సూళ్ల ప్రయోగశాల పరీక్ష: ఫలితాలను చదివే తీరు

సఖినేటిపల్లి వంటి కోనసీమ గ్రామాల కొబ్బరి తోటలకు పసుపు అనువైన అంతరపంట. అదే పసుపు క్యాప్సూళ్ల రూపంలో క్యాన్సర్‌కు మందుగా ప్రచారం పొందుతున్నందున, ఈ పరీక్షల అర్థాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు ఎరిగి ఉండవలెను.

రసాయన విశ్లేషణలో హెచ్.పి.ఎల్.సి. ద్వారా కుర్కుమిన్‌ను, దానితోపాటు ఉండే రెండు కుర్కుమినాయిడ్లను వేర్వేరుగా కొలవాలి. రంగు గాఢతను మాత్రమే చూస్తే మెటానిల్ ఎల్లో కల్తీ సైతం నాణ్యతగా కనిపించవచ్చు.

ఆక్సీకరణ నిరోధక శక్తికి డి.పి.పి.హెచ్. పరీక్ష చేస్తారు. 517 నానోమీటర్ల వద్ద ఊదారంగు తగ్గుదలను కొలుస్తారు. ఇది పరీక్షనాళికలో జరిగే చర్య మాత్రమే. మన విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు ఈ మాటను తరచు మరచిపోతున్నాయి.

క్యాన్సర్ కణాలపై ఎం.టి.టి. పరీక్షలో మరింత జాగ్రత్త అవసరం. కొన్ని మొక్కల రసాయనాలు కణాలు లేకపోయినా ఎం.టి.టి.ని క్షయకరణం చేసి ఊదారంగునిస్తాయి. అందుచేత కణరహిత నియంత్రణ తప్పనిసరి. సాధారణ కణాలతో పోల్చనిదే ‘క్యాన్సర్‌ను చంపుతుంది’ అనరాదు. అధిక మోతాదులో ఏ విషమైనా కణాలను చంపుతుంది.

ఇక శరీరంలో శోషణ. బెంగళూరు పరిశోధకుల 1998 అధ్యయనంలో 2 గ్రాముల కుర్కుమిన్ తీసుకున్నవారి రక్తరసిలో అది దాదాపు కనిపించలేదు. 20 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చినప్పుడు లభ్యత 2000 శాతం పెరిగింది. పైపరిన్ ఇతర ఔషధాల స్థాయిని కూడా పెంచగలదు. కనుక కీమోథెరపీలో ఉన్న రైతు కుటుంబీకులు ఇటువంటి క్యాప్సూళ్ల సంగతిని ముందుగా తమ వైద్యునికి తెలుపవలెను. చికిత్సను మాత్రం మానరాదు.