మంచం దిగేందుకు పది ఆకులు

ప్రశ్న: మాది పర్ణశాల. నాన్న పోయాక అమ్మ మంచం దిగడం లేదు. ఏటా తునికాకు కోసే మనిషి. మందులు వాడుతోంది. ఆక్యుపేషనల్ థెరపీ పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా. మనసు కుదుటపడ్డాకే పని అనుకుంటే నెలలు గడిచిపోతాయి. చిన్న పనే మనసును కదిలిస్తుంది. అలవాటైన పనిని అందేంత ముక్కలు చేయడమే ఈ చికిత్సలో కీలకం. తునికాకు కట్టకు 50 ఆకులు కదా! మొదట గుమ్మంలో కూర్చుని పది ఆకులు పేర్చితే చాలు. తర్వాత సగం కట్ట, ఆపై కట్టు వేయడం, ఓపిక వచ్చాక ఆకు కల్లం దాకా నడక. సీజన్ కాకుంటే మోదుగాకు విస్తళ్లు కుట్టించండి. రోజూ ఒకే వేళకు, పక్కన మీరూ కూర్చుని. తల దువ్వుకోవడమూ పనే. ‘ఊరికే పడుకుంటావేం’ అని మాత్రం అనకండి, ఆ మాట ఆమెను ఇంకా కుంగదీస్తుంది. డాక్టర్ చెప్పకుండా మందులు ఆపొద్దు. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.