మానిటర్ చీకటైతే కౌంటర్ మూయొద్దు: పది నిమిషాల పరీక్ష

తెలుసుకుందాం: సచివాలయ సేవలు
ఎవరికోసం: డిజిటల్ అసిస్టెంట్లు, వెల్ఫేర్ అసిస్టెంట్లు, మీసేవ కేంద్రాల నిర్వాహకులు, సేవల కోసం వచ్చే ప్రజలు

"కంప్యూటర్ పనిచేయట్లేదండీ, రేపు రండి." సచివాలయం కౌంటర్ దగ్గర ఈ మాట మీరు వినే ఉంటారు. మీరే అని కూడా ఉండొచ్చు. చెప్పడానికి అర నిమిషం పడుతుంది. విన్నవాళ్లకి మాత్రం ఒక రోజు పోతుంది. ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన విద్యార్థికి కాలేజీలో రేపే ఆఖరి రోజు కావచ్చు. పెన్షన్ దరఖాస్తు కోసం వచ్చిన ఒంటరి మహిళ ఆ రోజు కూలి మానుకుని వచ్చి ఉండొచ్చు. పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చిన పెద్దాయనకి రానుపోను ఖర్చు మళ్లీ మొదటికి వస్తుంది.

తెర నల్లగా ఉన్నంత మాత్రాన కంప్యూటర్ చెడిపోయినట్టు కాదు. వైరు వదులై ఉండొచ్చు, స్విచ్ ఆగి ఉండొచ్చు, ఊడుస్తున్నప్పుడు ఎవరి చెయ్యో బటన్‌కి తగిలి ఉండొచ్చు. ఇలాంటివి టెక్నీషియన్ లేకుండా మనమే సరిచేసుకోవచ్చు. వరసగా చూసుకుంటూ వెళ్తే పది నిమిషాలు చాలు. ఆ వరస ఈ పాఠంలో ఉంది.

మొదట ఈ రెండు విషయాలు

ఒకటి: మీ దరఖాస్తు మానిటర్‌లో ఉండదు. మానిటర్ పని చూపించడం మాత్రమే. లెక్కలు చేసేది కింద ఉన్న సీపీయూ పెట్టె. సబ్మిట్ అయిన దరఖాస్తు సర్వర్‌లో ఉంటుంది. కాబట్టి మానిటర్ ఆగిపోయినా, మార్చినా సబ్మిట్ అయిన దరఖాస్తు ఎక్కడికీ పోదు. రసీదు మీద ఉన్న దరఖాస్తు నంబర్‌తో ఏ కంప్యూటర్‌లోనైనా చూసుకోవచ్చు.

రెండు: తెర కనిపించనప్పుడు వేలిముద్ర వేయొద్దు, వేయించొద్దు. ఓటీపీ కూడా చెప్పొద్దు. వేలిముద్ర అంటే మీ సంతకంతో సమానం. ఏ పేజీ తెరిచి ఉందో, ఎంత మొత్తం అడుగుతోందో కనబడకుండా సంతకం పెట్టం కదా! "తెర రాలేదు గానీ మిషన్ పనిచేస్తోంది, వేలు పెట్టండి" అని ఎవరన్నా అంటే, తెర వచ్చాకే పెడతానని మర్యాదగా చెప్పండి. సిబ్బందికి కూడా ఇది రక్షణే. రేపు ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

ఇప్పుడు పరీక్ష మొదలుపెడదాం

మెట్టు 1: నిద్రపోయిందేమో చూడండి
మౌస్ కదపండి, కీబోర్డు మీద ఏదైనా ఒక కీ నొక్కండి. పది సెకన్లు ఆగండి. కాసేపు వాడకపోతే కంప్యూటర్ దానంతటదే తెరని ఆపేస్తుంది. అయినా రాకపోతే మానిటర్ కింద గానీ, అంచున గానీ, వెనకాల గానీ ఉండే పవర్ బటన్ ఒకసారి నొక్కి చూడండి.

మెట్టు 2: మానిటర్ లైటు ఏం చెబుతోంది?
పవర్ బటన్ దగ్గర చిన్న లైటు ఉంటుంది. రంగులు కంపెనీని బట్టి మారతాయి. సాధారణంగా పనిచేసేటప్పుడు నీలం, ఆకుపచ్చ లేదా తెలుపు ఉంటుంది. నిద్రలో ఉన్నప్పుడు నారింజ రంగుకి మారుతుంది, లేదా ఆగి ఆగి వెలుగుతుంది.

• లైటు అసలు లేదు: కరెంటు అందట్లేదు. మెట్టు 3 చూడండి.
• నారింజ రంగు, లేదా ఆగి ఆగి వెలుగుతోంది, లేదా తెర మీద "నో సిగ్నల్" అని వచ్చి పోతోంది: మానిటర్ బతికే ఉంది, సీపీయూ నుంచి బొమ్మ రావట్లేదు. మెట్టు 4కి వెళ్లండి.
• లైటు మామూలుగానే ఉంది, తెర మాత్రం నలుపు: మెట్టు 6కి వెళ్లండి.

మెట్టు 3: కరెంటు దారి
గోడ నుంచి మానిటర్ దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ రండి. బోర్డు స్విచ్, యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, చివరికి మానిటర్ వెనకాల దూరే కేబుల్. ఆ కేబుల్‌ని గట్టిగా లోపలికి నొక్కండి. పైకి పెట్టినట్టే కనబడుతుంది గానీ లోపల వదులుగా ఉంటుంది.

సాకెట్‌లో కరెంటు ఉందో లేదో తెలియకపోతే అందులో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. సాకెట్ బాగుంటే కేబుల్‌ని అనుమానించండి. చాలా మానిటర్లకి, సీపీయూలకి, ప్రింటర్లకి ఒకే రకం పవర్ కేబుల్ ఉంటుంది. ప్రింటర్ ఆపి, దాని కేబుల్ తీసి మానిటర్‌కి పెట్టి చూడండి. లైటు వెలిగితే పాత కేబులే పోయింది. ఎలక కొరికినట్టు, కాలినట్టు కనిపించే కేబుల్‌ని టేపు చుట్టి వాడొద్దు, పక్కన పడేయండి.

మీ మానిటర్‌కి ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు నల్ల అడాప్టర్ ఉంటే పిన్ను పట్టింది కదా అని వేరే అడాప్టర్ పెట్టొద్దు. వోల్టేజీ తేడా ఉంటే బాగున్న మానిటర్ కూడా పోతుంది.

కరెంటు పోయినప్పుడల్లా సీపీయూ నడుస్తూ, మానిటర్ మాత్రం ఆగిపోతోందా? అయితే మానిటర్ ప్లగ్గు గోడ బోర్డుకి ఉందేమో చూడండి. కొన్ని యూపీఎస్‌ల వెనకాల కొన్ని సాకెట్లకే బ్యాటరీ కరెంటు వస్తుంది, మిగతావి హెచ్చుతగ్గుల నుంచి కాపాడతాయి అంతే. మానిటర్‌ని బ్యాటరీ సాకెట్‌కి మార్చండి.

మెట్టు 4: సీపీయూ నడుస్తోందా?
ఫ్యాన్ శబ్దం వినండి. తర్వాత కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కిన ప్రతిసారీ కీబోర్డు లైటు వెలిగి ఆరుతుంటే సీపీయూ మాట వింటోందని అర్థం. తెర మీద ఏమీ లేకపోయినా లోపల పని నడుస్తోంది. ఇలాంటప్పుడు సీపీయూ పవర్ బటన్ జోలికి వెళ్లొద్దు, ముఖ్యంగా దరఖాస్తు సగంలో ఉంటే. నేరుగా మెట్టు 5కి వెళ్లండి.

క్యాప్స్ లాక్ లైటు కదలకపోతే కీబోర్డు వైరు ఊడిందేమో చూడండి. వైరు సరిగ్గానే ఉండి కూడా లైటు కదలకపోతే సీపీయూ బిగుసుకుపోయి ఉండొచ్చు. మెట్టు 5 కూడా చూసేసి, ఆ తర్వాత మెట్టు 8కి వెళ్లండి.

మెట్టు 5: బొమ్మ తెచ్చే కేబుల్
సీపీయూ నుంచి మానిటర్‌కి వెళ్లే రెండో కేబుల్ ఇది. నీలం రంగు మూతి, రెండు పక్కల మరలు ఉంటే వీజీఏ. సన్నగా, మరలు లేకుండా ఉంటే సాధారణంగా హెచ్‌డీఎంఐ. హెచ్‌డీఎంఐకి మరలు ఉండవు కాబట్టి టేబుల్ జరిపితే చాలు, జారిపోతుంది.

మానిటర్ ఆపి, కేబుల్ రెండు కొసలూ తీసి మళ్లీ పెట్టండి. వీజీఏ అయితే పిన్నులు చూడండి. మూడు వరసల్లో ఉంటాయి. ఒక పిన్ను తక్కువగా ఉంటే కంగారుపడొద్దు, కొన్ని కేబుళ్లు తయారీలోనే అలా వస్తాయి. పిన్ను వంగి ఉంటే మాత్రం అదే లోపం కావచ్చు. బలవంతంగా దూర్చకుండా కేబుల్ మార్చండి.

తర్వాత మానిటర్ మీద "సోర్స్" లేదా "ఇన్‌పుట్" బటన్ చూడండి. కేబుల్ వీజీఏ అయి, మానిటర్ హెచ్‌డీఎంఐ మీద ఉంటే తెర నల్లగానే ఉంటుంది. రెండూ ఒకటే అయ్యేదాకా మార్చి చూడండి.

విండోస్ కంప్యూటర్ అయితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగు కీలూ ఒకేసారి నొక్కండి. తెరకి సంబంధించిన డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచి ఉన్న పేజీలు మూతపడవు.

మెట్టు 6: టార్చి పరీక్ష
లైటు మామూలుగా ఉండి తెర మాత్రం నల్లగా ఉంటే ముందు బ్రైట్‌నెస్ పెంచి చూడండి. మారకపోతే గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చిని తెరకి దగ్గరగా, ఏటవాలుగా పట్టుకోండి. ఐకాన్లు, అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయా? అయితే బొమ్మ వస్తోంది, దాని వెనక ఉండే వెలుగు పోయింది. దీన్నే బ్యాక్‌లైట్ పోవడం అంటారు. ఇది మన చేతిలో అయ్యే పని కాదు, మెకానిక్ చూడాలి. కంప్యూటర్ మాత్రం భేషుగ్గా ఉంది. ఏమీ కనిపించకపోతే మెట్టు 5 కూడా చూసుకుని ముందుకి వెళ్లండి.

మెట్టు 7: ఇంకో తెర పెట్టి చూడండి
ఆఫీసులో ఇంకో మానిటర్ ఉంటే దాన్ని ఈ సీపీయూకి తగిలించండి. మానిటర్ లేకపోతే హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ అయినా సరే. బొమ్మ వచ్చిందంటే లోపం పాత మానిటర్‌ది. అప్పుడు ఆ తెరతోనే కౌంటర్ నడిపేయొచ్చు. రాలేదంటే లోపం సీపీయూలో ఉండొచ్చు.

మెట్టు 8: ఆఖరున, ఆపి మళ్లీ మొదలుపెట్టడం
సీపీయూ పవర్ బటన్‌ని ఒక్కసారి నొక్కి వదిలేయండి, ఒకట్రెండు నిమిషాలు ఆగండి. చాలా కంప్యూటర్లు ఇలా పద్ధతిగా ఆగిపోతాయి. ఆగకపోతేనే బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. ఇలా ఆపితే సేవ్ చేయని పని పోతుందని గుర్తుంచుకోండి. ప్లగ్గులు తీసి, కొద్ది నిమిషాలాగి మళ్లీ పెట్టండి. మొదలయ్యేటప్పుడు బీప్ శబ్దాలు వస్తే ఎన్ని వచ్చాయో, పొడుగ్గా వచ్చాయా పొట్టిగా వచ్చాయా రాసుకోండి. ర్యామ్ కదిలినా, గ్రాఫిక్స్ భాగంలో లోపం ఉన్నా ఇలా బీప్‌లు రావచ్చు. మెకానిక్‌కి ఆ వివరం చాలా పనికొస్తుంది.

చేయకూడనివి

• మానిటర్ వెనక మూత విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. షాక్ కొడుతుంది.
• వారంటీ గానీ, నిర్వహణ ఒప్పందం గానీ ఉన్న సీపీయూని తెరవొద్దు.
• తెర మీద గుద్దొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు.
• కాలిన వాసన, పొగ వస్తే పరీక్షలు వద్దు. ముందు మెయిన్ స్విచ్ ఆపండి.

డబ్బు కట్టాక తెర పోతే?

ఫీజు కట్టేశాక, రసీదు రాకముందే తెర ఆరిపోతే వెంటనే రెండోసారి కట్టించొద్దు. తెర వచ్చాక గానీ, ఇంకో కంప్యూటర్‌లో గానీ ముందు లావాదేవీ స్థితి చూడండి. దరఖాస్తుదారు ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చిందేమో అడగండి. డబ్బు వెళ్లి దరఖాస్తు నంబర్ రాకపోతే తేదీ, సమయం, మొత్తం కాగితం మీద రాసి, సంతకం చేసి వారికి ఇవ్వండి. ఆ కాగితం ముక్క లేకపోతే ఆ మనిషి దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

తెర వచ్చేలోపు వచ్చినవాళ్లకి ఏం చెప్పాలి?

"రేపు రండి" అనడానికి ముందు ఈ మూడు పనులు చేయండి. వారి పేరు, ఫోన్ నంబర్, కావాల్సిన సేవ, ఆఖరి తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. తెచ్చిన కాగితాలు అప్పుడే సరిచూసి, ఏది తక్కువైందో చెప్పండి. ఇందుకు కంప్యూటర్ అక్కర్లేదు. ఆఖరి తేదీ దగ్గరగా ఉన్నవాళ్లని ముందు వరసలో పెట్టి, తెర రాగానే ఫోన్ చేయండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మొదలైన "మన మిత్ర" వాట్సాప్ సేవ ద్వారా కొన్ని పనులు ఫోన్‌లోనే చేసుకోవచ్చు. నంబర్ 95523 00009. మీకు కావాల్సిన సేవ అందులో ఉందేమో చూసుకోండి. ఫోన్ వాడటం రానివాళ్లకి సిబ్బంది పక్కన కూర్చుని చూపిస్తే ఇంకా మంచిది.

ఫిర్యాదు ఎలా రాయాలి?

"సిస్టమ్ పనిచేయట్లేదు" అని రాస్తే మెకానిక్ ఏ సామానూ తీసుకురాకుండా వస్తారు, చూసి వెళ్లిపోతారు. ఇలా రాయండి: "మానిటర్ లైటు నారింజ రంగులో వెలుగుతోంది. నో సిగ్నల్ అని వస్తోంది. క్యాప్స్ లాక్ పనిచేస్తోంది. కేబుల్ మార్చి చూశాం. వేరే మానిటర్ పెడితే బొమ్మ వస్తోంది." కింద మానిటర్ వెనక ఉన్న సీరియల్ నంబర్ రాసి, ఫొటో జతచేయండి. ఇలా రాస్తే ఏం తేవాలో వారికి ముందే తెలుస్తుంది.

మానిటర్‌ని మాత్రమే రిపేరుకి ఇస్తే భయం లేదు, అందులో ప్రజల వివరాలేవీ ఉండవు. సీపీయూ ఇచ్చేటప్పుడు జాగ్రత్త. హార్డ్ డిస్క్‌లో ఆధార్ కాపీలు, ధ్రువపత్రాలు ఉండొచ్చు. పై అధికారికి చెప్పి, రిజిస్టర్‌లో రాసి, సంతకం తీసుకున్నాకే ఇవ్వండి. పూర్తిగా పోయిన మానిటర్‌ని పాత సామాన్ల బండికి వేయొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని నమోదైన రీసైక్లర్‌కే పంపాలి. స్టాక్ రిజిస్టర్‌లోంచి తీసేయడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది.

గుర్తుంచుకోండి

• లైటు, కరెంటు, క్యాప్స్ లాక్, కేబుల్, సోర్స్, టార్చి, ఇంకో తెర. ఇదే వరస.
• తెర లేకుండా వేలిముద్ర లేదు, ఓటీపీ లేదు.
• సబ్మిట్ అయిన దరఖాస్తు మానిటర్‌తో పాటు పోదు. రసీదు భద్రంగా దాచుకోండి.

మెట్లు ఉన్న పేజీని ప్రింటు తీసి మానిటర్ పక్కన గోడకి అంటించండి. తెర చీకటైన రోజు ఈ పీడీఎఫ్‌ని ఆ కంప్యూటర్‌లో తెరవలేం కదా!