ఒంటికి జబ్బు, మనసుకు భయం



నకులపిత అనే ముసలి గృహస్థు ఒళ్ళు ఎప్పుడూ బాగుండటం లేదని బుద్ధుడి దగ్గర మొరపెట్టుకున్నాడు. శరీరం జబ్బుపడినా మనసు జబ్బుపడకుండా సాధన చెయ్యమన్నాడు బుద్ధుడు. సంయుత్త నికాయంలోని మాట ఇది. ఆ సాధన ఎట్లా?

నాకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళు. అదే జబ్బుతో మా అమ్మకు కాలు తీసేశారు. అందుకే నా వేలికి చిన్న పుండు లేచినా రాత్రంతా నిద్రుండేది కాదు. ఆ భయంతోనే పరీక్షలు మానేశాను. భయం నన్ను కాపాడలేదు, జబ్బును పెంచింది.

ఈ భయానికి మాటలతో చేసే వైద్యం ఉంది. పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు కుంగుబాటు రోగులతో మొదలుపెట్టాడు. తర్వాత ఆందోళనకూ వాడారు. ఆలోచన, భావం, ఒంటి స్పందన, చేసే పని ఒకదాన్నొకటి లాగుతాయి. ఒక ముడి విప్పితే మిగతావీ వదులవుతాయి.

1. రాయండి. భయం పుట్టించిన ఆలోచనను ఒక్క వాక్యంలో పెట్టండి: "నాకూ కాలు తీసేస్తారు."

2. పరీక్షించండి. విన్నదాన్ని పరీక్షించమని కాలాములకు బుద్ధుడు చెప్పాడు కదా, మన ఆలోచననూ అట్లాగే పరీక్షించాలి. జబ్బున్నవాళ్ళ భయంలో కొంత నిజం ఉంటుంది. కాబట్టి "ఏం కాదులే" అనుకోవడం సీబీటీ కాదు. అమ్మ పుండును ముదిరాక చూపించాం. నేను ముందే చూపించుకోగలను. సరైన వాక్యం ఇది: "ప్రమాదం ఉంది, తగ్గించే పని నా చేతిలో కొంత ఉంది."

3. విడదీయండి. చేతిలో ఉన్న పని ఈరోజే చెయ్యండి: మాత్ర, పాదాలు చూసుకోవడం, రక్త పరీక్ష. చేతిలో లేనిదాన్ని రోజుకు పావుగంట "చింత వేళ" పెట్టుకుని అప్పటికి వాయిదా వెయ్యండి.

4. తప్పించుకోకండి. భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా చెయ్యండి.

ఒక జాగ్రత్త. చెమట, వణుకు, గుండెదడ భయంలోనూ వస్తాయి, షుగర్ పడిపోయినా వస్తాయి. మీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ చూడండి. మీటరు లేకపోతే ముందు చక్కెర నీళ్ళే తాగండి.

సీబీటీ మందులకు బదులు కాదు, మందులు ఆపకండి. ఒంటరిగా చేతకాకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. మీ రోగం పోయిన జన్మ పాపమని ఎవరన్నా అంటే వినొద్దు. బాబాసాహెబ్ ఆ మాటను ఒప్పుకోలేదు.

ఈ వారం అభ్యాసం: మీ భయాన్ని ఒక్క వాక్యంగా రాసి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి.

జై భీమ్! నమో బుద్ధాయ!