గూఢచారి కథలు – చదివే తీరు



పాత మస్కట్ రేవుకు వెళ్ళినప్పుడు నీటి ఒడ్డున, కొండబండల మీద ఎదురెదురుగా నిలిచిన రెండు కోటలను మీరు చూచే ఉంటారు. ఒకటి జలాలీ కోట, రెండవది మీరానీ కోట. వాటి నడుమ అల్ అలం రాజభవనం ఉంది. 1507లో మస్కట్‌ను ఆక్రమించిన పోర్చుగీసువారు, 1580 తరువాతి సంవత్సరాలలో ఈ కోటలను బలంగా కట్టించుకొన్నారు. సముద్రం మీద నుండి వచ్చే శత్రువుకు ఇవి కొరకరాని కొయ్యలు. అయినా 1650 జనవరిలో ఒమాన్ సేనలు మస్కట్‌ను తిరిగి గెలుచుకొన్నాయి. ఇంత గట్టి కోటలు ఎట్లా లొంగాయి? దీనిని గురించి ఒక కథ ఉంది. అందులో ముఖ్యుడు సైనికుడు కాడు. అతడొక వర్తకుడు, భారతదేశం నుండి వచ్చి మస్కట్‌లో స్థిరపడినవాడు.

1. నరోత్తముని కథ

పందొమ్మిదవ శతాబ్దపు ఒమాన్ చరిత్రకారుడు ఇబ్న్ రుజైక్ ఈ కథను తన గ్రంథంలో చెప్పాడు. నరోత్తముడనే వర్తకుడు పోర్చుగీసు కోటలకు సరకులు సమకూర్చేవాడు. కోట అధిపతి అతని కూతురిని పెండ్లాడతానని పట్టుపట్టాడు. తండ్రికిగాని, కూతురికిగాని అది ఇష్టం లేదు. కాదంటే బలవంతం తప్పదు. నరోత్తముడు పైకి ఒప్పుకొన్నట్లు నటించి, కొంత గడువు అడిగాడు.

తరువాత ఒకనాడు అతడు అధిపతితో, “అయ్యా! కోటలోని నీరు పాతబడింది. ధాన్యం చెడిపోయింది. తుపాకిమందు కూడ పనికిరాకుండా ఉంది. శత్రువు ముట్టడిస్తే ఏమి చేస్తారు? పాతవన్నీ తీసివేయించండి, కొత్తవి నేను తెప్పిస్తాను” అన్నాడు. ఎప్పుడూ సరకులు తెచ్చేవాడే చెప్పిన మాట కనుక అధిపతి నమ్మాడు. పాతవి బయటికి పోయాయి. కొత్తవి లోపలికి రాలేదు. కోట ఖాళీగా ఉన్నదన్న కబురు మాత్రం ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్‌కు రహస్యంగా చేరింది. ఇమాం సేనలు మస్కట్‌పై పడి గెలిచాయి. ఇమాం కృతజ్ఞతతో నరోత్తమునికి పన్ను మినహాయించాడని కథ ముగుస్తుంది.

ఇది జరిగిన సుమారు రెండు వందల ఏండ్లకు వ్రాసిన కథ. 1650లో మస్కట్ చేతులు మారడం చరిత్ర. నరోత్తముడు ఈ మాటలే అన్నాడని మాత్రం మనం పూచీపడలేము. చరిత్రను చదివేటప్పుడు ఈ తేడా మనస్సులో ఉంచుకోవాలి. కథగా చదివితే మాత్రం ఇందులో మంచి గూఢచారి కథకు కావలసినవన్నీ ఉన్నాయి.

2. గూఢచారి కథ అనగా ఏమి?

దొంగతనమో హత్యో జరిగిన తరువాత దోషిని వెదకేది అపరాధ పరిశోధక కథ. కొమ్మూరి సాంబశివరావు వ్రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఆ కోవకు చెందినవి. గూఢచారి కథ దారి వేరు. ఇందులో ప్రమాదం ముందున్నది. శత్రువు రహస్యం తెలుసుకోవాలి, మన రహస్యం దాచుకోవాలి. పట్టుబడితే ప్రాణానికే ముప్పు.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. వేగు, వేగులవాడు, చారుడు అనే మాటలు మనకు ఎప్పటినుండో ఉన్నాయి. గోడలకు చెవులుంటాయన్న సామెతా ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో విద్యార్థి వేషంలో, తాపసి వేషంలో, గృహస్థు వేషంలో, వర్తకుని వేషంలో తిరిగే చారుల వివరాలున్నాయి. వర్తకుడు ఎక్కడికి వెళ్ళినా ఎవరూ అనుమానించరు. నరోత్తముని కథలో పనికివచ్చిందీ అదే.

రామాయణ యుద్ధకాండలో రావణుడు శుకుడు, సారణుడు అనే ఇద్దరిని వేగు చూడడానికి పంపుతాడు. వారు వానర రూపంలో సేనలో కలుస్తారు. విభీషణుడు గుర్తుపట్టి పట్టిస్తాడు. రాముడు వారిని చంపించలేదు. కావలసినదంతా చూచి, మీ రాజుతో చెప్పండని విడిచిపెట్టాడు. తన బలం మీద నమ్మకమున్నవాడు వేగులవానికి భయపడడని ఈ చిన్న ఘట్టం మనకు తెలుపుతుంది.

3. చిన్నకథలో ప్రతి వస్తువూ మాట్లాడుతుంది

నవలలో చోటు ఎక్కువ. చిన్నకథలో ఒక రహస్యం, నలుగురైదుగురు మనుషులు, రెండు మూడు చోట్లు మాత్రమే ఉంటాయి. అందుచేత రచయిత వృథాగా ఒక వస్తువును చూపడు. ఉదాహరణకు, ఆర్థర్ కానన్ డాయిల్ 1908లో ప్రకటించిన ‘బ్రూస్ పార్టింగ్టన్ ప్లాన్లు’ అనే షెర్లాక్ హోమ్స్ కథను చూడండి.

లండన్‌లో భూగర్భ రైలుపట్టాల ప్రక్కన కడోగన్ వెస్ట్ అనే యువ ఉద్యోగి శవం దొరుకుతుంది. అతని జేబులో జలాంతర్గామికి సంబంధించిన రహస్య పత్రాలు ఏడు ఉన్నాయి. మొత్తం పది ఉండాలి. మిగిలిన మూడూ చాలా ముఖ్యమైనవి, అవి లేవు. ఇతడే దొంగ అని అందరూ నిశ్చయించుకొంటారు. అతనిని పెండ్లాడవలసిన యువతి ఒక్కతె మాత్రం, అతడు దేశద్రోహి కాడని గట్టిగా చెబుతుంది.

హోమ్స్ చూచినవి రెండు చిన్న విషయాలు. శవం జేబులో రైలు టికెట్ లేదు. తలకు పెద్ద గాయమున్నా పట్టాల వద్ద రక్తం లేదు. టికెట్ లేనివాడు రైలు ఎక్కింది ఎట్లా? రక్తం ఎక్కడ పోయింది? ఈ రెండు ప్రశ్నలే తాళం తీసే చెవులు. చివరకు కడోగన్ దొంగ కాడని తేలుతుంది. పత్రాలను ఎత్తుకుపోతున్నవానిని వెంబడించి, వాటి కొరకు ప్రాణం విడిచినవాడతడు. అసలు దొంగ ఎవరో మీరే చదివి తెలుసుకోండి.

ఇక్కడ నేర్వవలసినది ఒకటుంది. జేబులో దొరికిన కాగితాలను చూచి లోకం ఒక మనిషిపై ముద్ర వేసింది. జేబులో లేని టికెట్ అతని పేరును నిలిపింది. ఉన్నదానినే కాక, ఉండవలసి లేనిదానిని కూడ గమనించేవాడే మంచి పాఠకుడు.

4. గెలుపు వెనుక మూల్యం

సోమర్‌సెట్ మామ్ అనే ఆంగ్ల రచయిత మొదటి ప్రపంచయుద్ధ కాలంలో స్వయంగా బ్రిటిష్ గూఢచారిగా స్విట్జర్లాండులోను, 1917లో రష్యాలోను పనిచేశాడు. ఆ అనుభవంతో వ్రాసిన ‘ఆషెండెన్’ కథలు 1928లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో పరుగులు, తుపాకి మోతలు తక్కువ. ఎదురుచూపులు, అనుమానాలు, మనస్సులోని కలత ఎక్కువ. ఒక కథలో ఆషెండెన్‌తో కూడ వెళ్ళిన మనిషి, శత్రువుల పత్రాలు తెస్తున్నాడని తలచి ఒక ప్రయాణికుని చంపుతాడు. వెదికితే పత్రాలు లేవు. ఇంతలో సంకేత భాషలో వచ్చిన తంతిని విప్పి చదివితే, ఆ పత్రాలు తేవలసినవాడు అసలు ఓడే ఎక్కలేదని తెలుస్తుంది. చనిపోయినవాడు వేరొకడు!

కథ అక్కడే ఆగుతుంది. రచయిత నీతి చెప్పడు. కాని పుస్తకం మూసిన తరువాత కూడ ఆ ప్రయాణికుడు మన కళ్ళముందు నిలుస్తాడు. తప్పు వార్త, తొందర నిర్ణయం ఏ పాపమూ ఎరుగని ప్రాణాన్ని తీశాయి. సినిమాలలో గూఢచారి ఎప్పుడూ గెలిచి నవ్వుతుంటాడు. మంచి కథ మాత్రం ఆ గెలుపుకు ఎవరు మూల్యం చెల్లించారో చూపుతుంది.

5. చదివే పద్ధతి

గూఢచారి కథను రెండుసార్లు చదవండి. మొదటిసారి ఏమవుతుందో అన్న కుతూహలంతో, ఆగకుండా చదవండి. రెండవసారి నెమ్మదిగా, మూడు ప్రశ్నలు వేసుకొంటూ చదవండి.

మొదటిది: ఎవరికి ఏమి తెలుసు? రెండవది: ఎవరు ఎవరిని ఎందుకు నమ్మారు? మూడవది: చివరకు మూల్యం చెల్లించినది ఎవరు?

ఈ ప్రశ్నలను నరోత్తముని కథకు వేసి చూడండి. కోట ఖాళీ అని అతనికి తెలుసు, అధిపతికి దాని అర్థం తెలియదు. ఏండ్ల తరబడి సరకులు తెచ్చిన మనిషి కనుక అధిపతి నమ్మాడు. ఆ నమ్మకాన్నే నరోత్తముడు ఆయుధం చేసుకొన్నాడు. బిడ్డను కాపాడుకోవడానికి తండ్రి ఆడిన అబద్ధమది. కాని కోటలో ఆకలిదప్పులతో, మందు లేని తుపాకులతో నిలిచిన సామాన్య సైనికుడు ఆ పెండ్లి సంగతి ఎరుగునా? ఈ రెండు వైపులా చూడగలిగితే, మీరు కథను నిజంగా చదివినట్లే.

అభ్యాసము

అ. పదాలు – అర్థాలు
వేగు = రహస్యంగా తెలుసుకొన్న సమాచారం
తాపసి = తపస్సు చేసేవాడు
ముట్టడి = శత్రువు చుట్టుముట్టడం
గడువు = ఇచ్చిన కాలపరిమితి
మూల్యం = వెల
పూచీపడు = హామీ ఇచ్చు

ఆ. ప్రశ్నలు
1. అపరాధ పరిశోధక కథకు, గూఢచారి కథకు గల భేదమేమి?
2. నరోత్తముని మాటను కోట అధిపతి ఎందుకు నమ్మాడు?
3. కడోగన్ వెస్ట్ కథలో లేని టికెట్టు వలన ఏమి తెలిసింది?
4. రాముడు శుకసారణులను విడిచిపెట్టడం సరియైనదేనా? మీ అభిప్రాయం వ్రాయండి.

ఇ. సొంత వాక్యాలలో ప్రయోగించండి
కొరకరాని కొయ్య; గోడలకు చెవులుంటాయి; ముద్ర వేయు.

ఈ. చేయవలసిన పని
నరోత్తముని కథను అతని కూతురు చెబుతున్నట్లుగా ఒక పుటలో వ్రాయండి. ఆమెకు ఏమి తెలుసో, ఏమి తెలియదో ముందుగా నిర్ణయించుకొని మొదలుపెట్టండి. వ్రాసినదానిని ఇంట్లో అమ్మకో, తాతయ్యకో చదివి వినిపించండి.