పారే మంచు

అక్కలారా! జూరాల దగ్గర కృష్ణమ్మ పారేది చూశాం. మంచు కూడా పారుతుందంటే నమ్ముతారా?

భూమికి దక్షిణపు కొసన అంటార్కిటికా ఉంది. డిసెంబరు అక్కడ ఎండాకాలం. రాత్రి కూడా పొద్దు గూకదు. అయినా కొండల మీది మంచు కరగదు.

అక్కడి విన్సన్ కొండ ఎత్తు 4,892 మీటర్లు. ఏండ్ల తరబడి పడిన మంచు పొర మీద పొర పేరుకొని గడ్డ కడుతుంది. తన బరువుకే మెల్లగా కిందికి జారుతుంది. ఇదే హిమానీనదం. విన్సన్ పక్కనున్న దాని పేరు బ్రాన్స్‌కోంబ్. నాకూ నోరు తిరగలేదు!

జారేటప్పుడు మంచు పగులుతుంది. పైన కొత్త మంచు కప్పితే పగులు కనపడదు. అందుకే ఎక్కేవాళ్లంతా ఒకే తాడు కట్టుకొని నడుస్తారు. ఒకరు జారితే మిగిలినవాళ్లు ఆపుతారు.

2019 డిసెంబరులో విన్సన్ ఎక్కింది మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. అమ్మానాన్నలు కూలి చేసి పెంచారు. అప్పటికి ఆమెకు 19 ఏండ్లు.