సందేహాలు – సమాధానాలు: బండి లాగకపోతే నేరం టైమింగ్‌దేనా?

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా సీతాఫల్‌మండి, తార్నాక, ఓయూ క్యాంపస్ వైపు నుంచే వచ్చాయి. మూడింట్లో మెకానిక్ మాట ఒకటే: ‘టైమింగ్ అవుటయింది’. అయి ఉండొచ్చు. కానీ కొలిచి చెప్పాడా, విని చెప్పాడా అన్నది తేలకుండా ఇంజన్ మీద పానా పెట్టనివ్వకండి.

మాది 1996 నాటి కార్బురేటర్ మారుతి 800. రైల్వేలో రిటైరయ్యాక బండి పెద్దగా తీయడం లేదు. ఈమధ్యే టైమింగ్ బెల్ట్ మార్పించాం. అప్పట్నుంచి సీతాఫల్‌మండి ఫ్లైఓవర్ మీదికి థర్డ్ గేర్‌లో ఎక్కడం లేదు, సెకండ్ వేయాల్సి వస్తోంది. మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ తిప్పి సెట్ చేశాడు. స్టార్టింగ్ బాగుంది, ఆగి ఉన్నప్పుడు ఇంజన్ చక్కగా ఆడుతోంది, లాగుడు మాత్రం రాలేదు. బోరుకొచ్చింది, ఇంజన్ దించాలంటున్నాడు. దించమంటారా?
– ఒక పాఠకుడు, సీతాఫల్‌మండి

అప్పుడే వద్దు. బెల్ట్ మార్చిన మర్నాటి నుంచి మొదలైన జబ్బుకు ముందు బెల్ట్‌నే అనుమానించాలి. నిన్నటిదాకా ఎక్కిన బండికి బోరు ఒక్కరాత్రిలో అరగదు.

మీ ఇంజన్‌లో రెండు టైమింగులున్నాయి. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నది ఒకటి, వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలన్నది రెండోది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా చూసేది బెల్ట్. క్రాంక్ పుల్లీకి 20 పళ్లున్నాయనుకోండి, బెల్ట్ ఒక్క పన్ను అటూ ఇటూ పడితే 18 డిగ్రీల తేడా. డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది కూడా క్యామ్‌షాఫ్టే కాబట్టి బెల్ట్ తప్పితే రెండు టైమింగులూ కలిసే తప్పుతాయి. డిస్ట్రిబ్యూటర్ తిప్పితే రవ్వ దారికొస్తుంది, అందుకే స్టార్టింగ్ బాగుపడింది. వాల్వులు మాత్రం ఆలస్యంగానే తెరుచుకుంటున్నాయి. వాల్వులు ఆలస్యమైతే ముందు పోయేది తక్కువ స్పీడులో లాగుడు. మీ ఉత్తరం చదివితే నాకు తోచింది ఇదే.

తోచింది కదా అని నమ్మొద్దు. ముందు ఖర్చులేనివి చూడండి. ఎత్తు మీద ఇంజన్ మోత పెరిగి బండి కదలకపోతే అది క్లచ్. చదును నేల మీద న్యూట్రల్‌లో ఒక్కరు తోస్తే కదలకపోతే బ్రేకులు పట్టేస్తున్నాయి. డిస్ట్రిబ్యూటర్‌కున్న సన్నని వాక్యూమ్ ట్యూబును కార్బురేటర్ వైపు ఊడదీసి, తుడిచి, నోటితో పీల్చి నాలుక అడ్డం పెట్టండి. నాలుకను పట్టుకుంటే లోపలి డయాఫ్రం బాగున్నట్టు. గాలి వచ్చేస్తుంటే చిరిగినట్టు, మైలేజీ, పికప్ రెండూ పోతాయి.

తర్వాత వాక్యూమ్ గేజ్ పెట్టించండి. పుస్తకాల్లో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలని రాస్తారు. అది సముద్రమట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ ఉన్నది సుమారు 540 మీటర్ల ఎత్తున. విజయవాడలో 18 చూపే ఇంజన్ ఇక్కడ 16 చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. మూడు సిలిండర్ల బండి కాబట్టి ముల్లు కొంచెం వణికినా పర్లేదు. అలా కాక 10, 12 దగ్గర కదలకుండా నిలబడిందంటే వాల్వ్ టైమింగ్ మీద అనుమానం గట్టిపడినట్టే. ఇన్‌టేక్ వైపు ఎక్కడైనా గాలి లీకైనా ముల్లు ఇలాగే కిందుంటుంది కాబట్టి అదీ చూడమనండి.

ఇక బోరు సంగతి. మూడు సిలిండర్లకూ కంప్రెషన్ చూడమనండి. ఒక్కటే తక్కువుంటే ఆ సిలిండర్ వాల్వో, రింగులో. మూడూ సమానంగా తగ్గి ఉంటే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ బాగా పెరిగితే మీ మెకానిక్ చెప్పింది నిజం. పెరగకపోతే బోరు కాదు, బెల్ట్ కవర్ విప్పి గుర్తులు చూడాల్సిందే. గుర్తులు కలిపి, టెన్షనర్ బిగించాక స్పానర్‌తో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి మళ్లీ చూడండి. చాలాచోట్ల ఎగ్గొట్టే పని ఇదే. బిగించే ముందు కలిసిన గుర్తు, బిగించాక ఒక పన్ను జరగడం మామూలే.

పీహెచ్‌డీ చేస్తున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కొన్నాను. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గొలుసు లాగినట్టు గరగరమని ఆగిపోతుంది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టారు, పి0016 వచ్చింది. సెన్సార్ మారిస్తే సరిపోతుందన్నారు. నిజమేనా సార్?
– పరిశోధక విద్యార్థి, ఓయూ క్యాంపస్

ఆ కోడ్ సెన్సార్ చెడిందని చెప్పదు. క్రాంక్ దగ్గరి సెన్సార్ చెప్పే స్థానానికీ, క్యామ్ దగ్గరి సెన్సార్ చెప్పే స్థానానికీ పొంతన కుదరడం లేదని మాత్రమే చెబుతుంది. సెన్సార్ సర్క్యూట్ల మీద ఫిర్యాదుకు వేరే కోడ్‌లున్నాయి: క్రాంక్‌కు పి0335, క్యామ్‌కు పి0340. వాటి జాడ లేకుండా పి0016 ఒక్కటే వచ్చి, దాంతోపాటు పొద్దుటి గరగర కూడా ఉందంటే నా అనుమానం టైమింగ్ చైన్ మీదే.

మీ 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజన్‌కు బెల్ట్ లేదు, చైన్ ఉంది. చైన్‌ను బిగువుగా పట్టేది ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే టెన్షనర్. రాత్రంతా నిలబడితే ఆ ప్రెషర్ దిగిపోతుంది. మళ్లీ ఎక్కేదాకా, వదులైన చైన్ కవర్‌కు కొట్టుకుంటుంది. మీరు వినేది ఆ చప్పుడే కావచ్చు. ‘చైన్ జీవితాంతం వస్తుంది’ అనే మాట మీకు కారమ్మినవాళ్లూ చెప్పి ఉంటారు. ఎవరి జీవితాంతమో ఎవరూ చెప్పరు. వేళకు ఆయిల్ మార్చని బండిలో చైన్ లింకుల పిన్నులు అరిగి పొడవు సాగుతుంది, క్యామ్ వెనకబడుతుంది.

ఈరోజే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తక్కువున్నా, ఎప్పుడు మార్చారో తెలియకపోయినా ముందు కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించండి. దాంతో చప్పుడు పోతే అదృష్టం. పోకపోతే వైరింగ్, కనెక్టర్లు ఒకసారి చూపించి, చైన్, టెన్షనర్, గైడ్లు కలిపి మార్పించండి. చైన్ ఒక్కటే మారిస్తే సగం పని. ఈలోగా సెలవులకు ఊరికి ఈ బండిలో బయల్దేరకండి. బ్యాటరీ దిగితే హాస్టల్ మిత్రులతో తోయించి గేర్‌లో స్టార్ట్ చేయొద్దు, ఆ కుదుపుకు వదులు చైన్ పళ్లు దాటేయగలదు. డీజిల్‌లో అలా దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అప్పుడు బిల్లు చైన్‌తో ఆగదు.

మా శాంత్రో రోజూ తార్నాక నుంచి హబ్సిగూడ దాకానే వెళ్తుంది. పదేళ్లయినా 35 వేల కిలోమీటర్లు దాటలేదు. టైమింగ్ బెల్ట్ ఇప్పుడే మార్చాలా?
– ఒక ఉపాధ్యాయురాలు, తార్నాక

మార్చాలమ్మా, ఈ నెలలోనే. బెల్ట్‌కు కిలోమీటర్ల గడువూ, ఏళ్ల గడువూ ఉంటాయి, ఏది ముందైతే అది. చాలా బెల్టులకు నాలుగైదేళ్లే ఎక్కువ, తిరగకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. టెన్షనర్ బేరింగ్ కూడా మార్పించండి. క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్ల దగ్గర తడి ఉంటే వదిలేయొద్దు, ఆయిల్ తగిలిన కొత్త బెల్ట్ కూడా నిలవదు. రాణిగంజ్‌లో మీరే కొంటే సీలున్న ప్యాకెట్, బిల్లు అడగండి.

మెకానికల్ సెకండియర్. నాన్నగారి పెట్రోల్ కారు 2018 మోడల్. అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కిటకిటమని నాకింగ్ వస్తోంది. టైమింగ్ లైట్ కొని నేనే వెనక్కి సెట్ చేద్దామనుకుంటున్నా.
– ఇంజనీరింగ్ విద్యార్థి, సీతాఫల్‌మండి

లైటు కొనొద్దు. మీ కారులో చేత్తో తిప్పడానికి డిస్ట్రిబ్యూటర్ లేదు, రవ్వ ఎప్పుడు పడాలో క్షణక్షణం ఈసీఎం నిర్ణయిస్తుంది. నాక్ సెన్సార్ ఉన్న ఇంజనైతే చప్పుడు వినగానే అదే వెనక్కి జరుపుతుంది. అయినా నాకింగ్ వస్తోందంటే సరైన హీట్ రేంజ్ ప్లగ్గులు వేశారా, ఇంజన్ వేడెక్కుతోందా, లోపల కార్బన్ పేరుకుందా చూడాలి. నాన్నగారు ఫోర్త్‌లోనే ఎక్కించేస్తున్నారేమో కూడా చూడండి. థర్డ్‌లోకి మార్చగానే చప్పుడు ఆగితే సగం జవాబు దొరికినట్టే.

టైమింగ్ చేత్తో పట్టి చూడాలన్న సరదా ఉంటే మీ థర్మల్ ల్యాబ్‌లో వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ ప్రయోగం ఉంటుంది. ఫ్లైవీల్ చుట్టుకొలత దారంతో కొలిచి, వాల్వు తెరుచుకున్నచోటా మూసుకున్నచోటా సుద్దతో గీత పెట్టి, పిస్టన్ పైకొసకో అడుగుకో చేరినచోటి నుంచి ఆ గీత దాకా ఉన్న దూరాన్ని 360తో గుణించి చుట్టుకొలతతో భాగించడం. రికార్డులో పక్కవాడి అంకెలు ఎక్కించుకోకుండా ఒకసారి మీరే గీతలు పెట్టి, ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరాక ఎన్ని డిగ్రీలకు మూసుకుంటోందో నాకు రాయండి. వచ్చే సంచికలో ఆ అంకె మీదే మాట్లాడదాం.